గుప్పెడు కాయలు, వెయ్యి షాట్లు: క్వాంటం కంప్యూటర్ గ్రాఫును చదవడం ఎలా?

గుంటూరు మిర్చి యార్డులో కొనేవాళ్లు టిక్కీ (మిర్చి బస్తా) మొత్తం కుమ్మరించి చూడరు. ఓ మూల విప్పి గుప్పెడు కాయలు తీస్తారు. రంగు చూస్తారు, తాలు ఎంతుందో చూస్తారు, తేమ ఎంతో వేళ్లతో నలిపి తెలుసుకుంటారు. ఆ గుప్పెడును బట్టే లాటు ధర తేలుతుంది. క్వాంటం కంప్యూటర్ ఇచ్చే జవాబును చదవడం చాలావరకు ఇలాంటి పనే. యంత్రం లోపల ఉన్నదాన్ని ఎవరూ నేరుగా చూడలేరు. గుప్పెడు గుప్పెడుగా తీసి, లెక్కపెట్టి, ఆ లెక్కను బొమ్మగా గీసి చూసుకోవాలి. అంటే గ్రాఫు గీయడం ఇక్కడ చివర్లో వేసే మెరుగు కాదు, అది లేకపోతే జవాబే లేదు.

ఈ ప్రాంతంలో ఈ విషయానికి ఇప్పుడు గిరాకీ ఎందుకు పెరిగిందో చెప్పనక్కర్లేదు. 2025 మేలో ఐబీఎం, టీసీఎస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి అమరావతి క్వాంటం వ్యాలీలో 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్‌తో ఐబీఎం క్వాంటం సిస్టమ్ టూ అనే క్వాంటం కంప్యూటర్ పెడతామని ప్రకటించాయి. (క్యూబిట్ అంటే క్వాంటం కంప్యూటర్లో సమాచారాన్ని పట్టి ఉంచే మూల ప్రమాణం, మామూలు కంప్యూటర్లో బిట్ లాంటిది.) అంతకు రెండేళ్ల ముందే, 2023 ఏప్రిల్‌లో, కేంద్రం సుమారు 6,000 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషన్‌కు ఆమోదం తెలిపింది. అటు విజయవాడకీ ఇటు గుంటూరుకీ దగ్గరే కాబట్టి, చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు కోర్సుల కోసం వెతుక్కోవడం సహజం. దాంతోపాటే ఓ అపోహ కూడా తిరుగుతోంది. క్వాంటం వచ్చిందంటే ఎంత పెద్ద డేటా అయినా కళ్లు మూసి తెరిచేలోగా గ్రాఫులుగా మారిపోతుందని, డేటా అనలిస్టుల పని అయిపోయినట్టేనని. ఇందులో నిజం తక్కువ. ఈ రెండు రంగాల మధ్య సంబంధం గట్టిదే కానీ అది ఎక్కువగా ఎదురు దిక్కులో నడుస్తోంది. గ్రాఫులకు క్వాంటం చేస్తున్న సాయం కన్నా, క్వాంటంకు గ్రాఫులు చేస్తున్న సాయమే ఇప్పటికి చాలా ఎక్కువ.

ముందు బయటికి వచ్చేదేమిటో చూద్దాం. ఐదు క్యూబిట్లతో ఓ చిన్న సర్క్యూట్, అంటే క్యూబిట్ల మీద వరసగా చేయాల్సిన పనుల జాబితా, రాశారనుకోండి. ఐదింటినీ ఒకదానితో ఒకటి ముడివేసి, కొలిస్తే అన్నీ 0 గానీ అన్నీ 1 గానీ రావాలన్నది దాని ఉద్దేశం. నేర్చుకునేవాళ్లందరూ మొదట్లోనే చేసే ప్రయోగమిది. ఒకసారి నడిపితే 00000 వస్తుంది, లేదా 11111 వస్తుంది. ఒక్కసారి వచ్చినదాన్ని పట్టుకుని ఏమీ తేల్చలేం. అందుకని అదే సర్క్యూట్‌ను వెయ్యిసార్లు నడుపుతారు. ఒక్కోసారి నడపడాన్ని షాట్ అంటారు. ఏ జవాబు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కేసి నిలువు పట్టీలుగా గీస్తే హిస్టోగ్రామ్ తయారవుతుంది. యంత్రం తప్పే చేయకపోతే అందులో రెండే పట్టీలుండాలి, దాదాపు సగం సగం. అసలు యంత్రం మీద నడిపితే పొడుగు పట్టీలు రెంటితోపాటు 00001, 10111 లాంటి పొట్టి పట్టీలు కూడా మొలుస్తాయి. ఐదు క్యూబిట్లకు మొత్తం 32 జవాబులు సాధ్యం కాబట్టి, ఆ పొట్టివి 30 దాకా ఉండొచ్చు. అవే ఈ లాటులో తాలు. తాలు శాతం చూస్తే యంత్రం ఆరోగ్యం తెలుస్తుంది.

పొడుగు పట్టీలు రెండూ సరిసమానంగా లేవే అని కొత్తవాళ్లు కంగారుపడతారు. లోపం లేని యంత్రమైనా వెయ్యి షాట్లలో ఖచ్చితంగా 500 ఇవ్వదు. నాణేన్ని వెయ్యిసార్లు ఎగరేసినా అంతే. అటూ ఇటూ 16 దాకా తేడా మామూలే. 484 వచ్చినా 516 వచ్చినా పట్టించుకోనక్కర్లేదు. 440 వస్తే మాత్రం ఎక్కడో తేడా కొట్టిందని అర్థం. ఈ ఊగిసలాటను సగానికి తగ్గించాలంటే షాట్లు రెట్టింపు చేస్తే చాలదు, నాలుగు రెట్లు చేయాలి. పది వంతుల్లో ఒక వంతుకు తేవాలంటే వంద రెట్లు. క్వాంటం యంత్రం మీద సమయం ఖరీదైనది కాబట్టి ఈ లెక్క నేరుగా డబ్బుకు తగులుతుంది. ఇంత తేడా సహజమని చెప్పే చిన్న నిలువు గీత, అంటే ఎర్రర్ బార్, ప్రతి పట్టీ మీదా ఉండాలి. ప్రచారానికి వాడే బొమ్మల్లో చాలాసార్లు మాయమయ్యేది ఈ గీతే.

మిర్చి పోలిక ఇక్కడిదాకా బాగానే లాక్కొచ్చింది, ఇక నడవదు. టిక్కీలోని తాలు కాయ మనం తీయకముందు కూడా తాలే. క్యూబిట్ విషయం అలా కాదు, కొలిచేదాకా అది 0 అనీ లేదు, 1 అనీ లేదు. పైగా దానికి ఫేజ్ అనే ఇంకో గుణం ఉంది, అది హిస్టోగ్రామ్‌కు అసలు కనపడదు. రెండు వేరువేరు క్యూబిట్లు తీసుకుందాం. రెండూ 0, 1 సగం సగం కలిసిన స్థితిలోనే ఉన్నాయి. కాకపోతే మొదటిదానిలో ఆ రెండు భాగాల మధ్య ప్లస్ గుర్తుంది, రెండోదానిలో మైనస్ గుర్తుంది. రెంటినీ వెయ్యేసిసార్లు కొలిచి గ్రాఫులు గీస్తే ఒకేలా ఉంటాయి, కవల పిల్లల్లా. అయితే కొలవడానికి ముందు రెంటికీ హడమార్డ్ అనే గేటు (క్యూబిట్ స్థితిని మార్చే ఓ చర్య) ఒకటి తగిలిస్తే కథ మారిపోతుంది. మొదటిది వెయ్యికి వెయ్యిసార్లూ 0 ఇస్తుంది, రెండోది వెయ్యికి వెయ్యిసార్లూ 1. ఒక గ్రాఫులో కవలలు, ఇంకో గ్రాఫులో ఉత్తరధ్రువం, దక్షిణధ్రువం. క్వాంటం అల్గారిథమ్‌ల బలమంతా ఈ ప్లస్సులు, మైనస్సులు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడంలోనే ఉంది. తప్పు జవాబులు చెరిగిపోయి సరైన జవాబు మిగిలేలా సర్క్యూట్ రాయడమే అందులోని పనితనం. క్వాంటం కంప్యూటర్ అన్ని జవాబులనూ ఒకేసారి ప్రయత్నిస్తుంది అని చెప్పే వీడియోలు వదిలేసేది సరిగ్గా ఈ ముక్కనే. ఒక్క హిస్టోగ్రామ్ చూసి లోపల ఏముందో తెలిసిపోయిందనుకుంటే దెబ్బ తింటాం.

అందుకే ఫేజ్ కూడా కనిపించే బొమ్మలు కావలసి వచ్చాయి. వాటిలో అందరికీ తెలిసింది బ్లాక్ గోళం. 1952లో నోబెల్ బహుమతి అందుకున్న భౌతిక శాస్త్రవేత్త ఫెలిక్స్ బ్లాక్ పేరు మీద వచ్చింది. ఓ బంతిని ఊహించుకోండి. పైకొన 0, కిందికొన 1, మధ్య నుంచి ఉపరితలం మీదికి ఓ బాణం. బాణం ఎంత ఎత్తులో ఉందన్నది 0, 1 వచ్చే అవకాశాలను చెబుతుంది. భూమధ్యరేఖ చుట్టూ ఏ వైపు తిరిగి ఉందన్నది ఫేజ్‌ను చెబుతుంది. ఇందాకటి కవలలు ఈ బంతి మీద ఎదురెదురు వైపులకు చూస్తుంటాయి. గేటు అంటే ఆ బంతిని ఓ ఇరుసు చుట్టూ తిప్పడం. ఒక్క క్యూబిట్‌కు ఇంతకన్నా మంచి బొమ్మ లేదు.

చిక్కంతా రెండో క్యూబిట్‌తో మొదలవుతుంది. రెండు క్యూబిట్లకు రెండు బంతులు పక్కపక్కన గీస్తే సరిపోతుందనిపిస్తుంది. ఒక్కో బంతి మీద బాణం దిశ చెప్పడానికి రెండు సంఖ్యలు చాలు, అంటే మొత్తం నాలుగు. కానీ రెండు క్యూబిట్ల స్థితిని పూర్తిగా చెప్పాలంటే ఆరు సంఖ్యలు కావాలి, మూడింటికి పద్నాలుగు కావాలి. ఆ మిగిలినవి ఏ బంతిలోనూ ఇమడవు, ఎందుకంటే అవి క్యూబిట్ల మధ్య బంధానికి చెందినవి. గట్టిగా ముడిపడిన జంటను బ్లాక్ గోళాల మీద గీయబోతే విచిత్రం జరుగుతుంది. రెండు బాణాలూ కుంచించుకుపోయి బంతి నడిబొడ్డున చుక్కలైపోతాయి. విడివిడిగా చూస్తే ఏ సమాచారమూ లేదని బొమ్మ నిజాయితీగానే ఒప్పుకుంటోందన్నమాట. ఉన్న సంగతంతా ఇద్దరి మధ్యే ఉంది. ఎంటాంగిల్‌మెంట్ అనే ఈ ముడి గురించి పేజీలకు పేజీలు చదివినా ఎక్కనిది ఆ రెండు చుక్కల్ని చూస్తే ఎక్కుతుంది. బొమ్మ విఫలమైన చోటే బాగా నేర్పడం అరుదుగా జరుగుతుంది, ఇది అలాంటి సందర్భం.

జవాబులన్నిటినీ ఒకే బంతి మీద చూపే క్యూ-స్ఫియర్, గడుల మీద స్తంభాలు లేచినట్టుండే సిటీ ప్లాట్, ఫేజ్‌ను రంగుల చక్రంతో చూపే పట్టీలు లాంటి వేరే పద్ధతులూ ఉన్నాయి. ఫేజ్ ఒక చుట్టు తిరిగి మొదటికే వస్తుంది కాబట్టి రంగులు కూడా చుట్టు తిరిగి కలవాలి. లేత నీలం నుంచి ముదురు నీలం దాకా పోయే మామూలు స్కేలు వాడితే చుట్టు మొదలూ చివరా పక్కపక్కనే ఉన్నా ఆమడ దూరంలో ఉన్నట్టు కనిపిస్తాయి. ఇవన్నీ నాలుగైదు క్యూబిట్ల దాకా అక్కరకొస్తాయి. ఆ పైన అన్నీ చేతులెత్తేస్తాయి.

ఎందుకంటే ఒక్కో క్యూబిట్ చేరినప్పుడల్లా సాధ్యమయ్యే జవాబులు రెట్టింపవుతాయి. 10 క్యూబిట్లకు 1,024 పట్టీలు. 20కి పది లక్షలు దాటతాయి. అమరావతికి ప్రకటించిన 156 క్యూబిట్లకు పట్టీల సంఖ్య రాయాలంటే 47 అంకెలు పడతాయి. ఇంత పెద్ద గ్రాఫు గీసేదెలాగన్న ప్రశ్న 2019లో గూగుల్ బృందానికి నిజంగానే ఎదురైంది. వాళ్ల సికమోర్ చిప్‌లో 53 క్యూబిట్లు పనిచేశాయి. అంటే సాధ్యమయ్యే జవాబులు సుమారు 9,000 లక్షల కోట్లు. 200 సెకన్లలో వాళ్లు తీసిన శాంపిళ్లు పది లక్షలు. పది లక్షల శాంపిళ్లను అన్ని గడుల్లో పంచితే ఒకే జవాబు రెండోసారి కనపడడమే గగనం. గ్రాఫు గీస్తే ఒక్కటేసి ఎత్తున్న పట్టీలు ఎక్కడో ఒకటి, మిగతాదంతా ఖాళీ. అది చూసి యంత్రం సరిగ్గా పనిచేసిందో లేదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

వాళ్లు ఎంచుకున్న దారి వేరు. వచ్చిన శాంపిళ్లు సిద్ధాంతం ప్రకారం ఎక్కువ అవకాశమున్న జవాబుల వైపు ఎంత మొగ్గాయో చెప్పే ఒకే ఒక్క కొలమానం తీసుకున్నారు. దోషమే లేని యంత్రానికి అది 1, ఉత్త గందరగోళానికి 0. అతి పెద్ద సర్క్యూట్లలో వాళ్లకు దక్కింది సుమారు 0.002. చిన్నదే, కానీ సున్నా కాదని నమ్మకంగా చెప్పగలిగినన్ని శాంపిళ్లు ఉన్నాయి. పెద్ద సర్క్యూట్లలో సరైన జవాబును మామూలు కంప్యూటర్‌తో సరిచూడడం కుదరదు కాబట్టి, సరిచూడగలిగిన చిన్న, తేలిక సర్క్యూట్లతో మొదలుపెట్టి క్యూబిట్లు పెరిగేకొద్దీ ఆ సంఖ్య ఎలా తగ్గుతోందో గీశారు. చుక్కలు ఊహించిన గీత మీదే దిగుతూ వచ్చాయి. ఆ గీతను నమ్ముకునే చివరి అంగలో తమ మాట చెప్పారు. సూపర్ కంప్యూటర్‌కు ఇదే పని పదివేల ఏళ్లు పడుతుందని వాళ్లంటే, రెండున్నర రోజులు చాలని ఐబీఎం వాదించింది. ఆ తగువు సంగతి ఎలా ఉన్నా, కోట్లాది పట్టీలను వదిలేసి ఒక్క సంఖ్యను, అది తగ్గే తీరును చూపించాలన్న నిర్ణయం డేటా విజువలైజేషన్ నిర్ణయమే.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. మామూలు డేటాను గ్రాఫులుగా మార్చడానికి క్వాంటం పనికొస్తుందా? 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచిన రోజులు గుర్తు తెచ్చుకోండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నీళ్లు ఏ వీధిలోకి ఎంతసేపటికి వస్తాయో చూపే మ్యాపు కోసం జనం ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. అలాంటి మ్యాపు కోసం నగరంలోని ఎత్తుపల్లాలు, కాల్వల మట్టాలు, వానల లెక్కలు కలిపి కోటి రీడింగులు ఉన్నాయనుకుందాం. కాగితం మీద చూస్తే క్వాంటంకు ఇది నల్లేరు మీద నడక. 24 క్యూబిట్ల స్థితిలో 1.67 కోట్ల సంఖ్యలు ఇముడుతాయి కదా! కోటి రీడింగులూ 24 క్యూబిట్లలో పట్టేస్తాయి.

పట్టడం వరకూ నిజమే. లోపలికి ఎక్కించడం, బయటికి తీయడం దగ్గరే ఇరుకు. ఏ వరసా లేని కోటి సంఖ్యలను క్యూబిట్లలోకి ఎక్కించడానికి దాదాపు కోటి గేట్లు కావాలి. ఇప్పటి మంచి యంత్రాల్లో కూడా రెండు క్యూబిట్ల గేటును వెయ్యిసార్లు వాడితే ఒకటి నుంచి కొన్నిసార్లు తప్పుతుంది. కోటి గేట్లు దాటేసరికి లోపల మిగిలేది డేటా కాదు, తాలు. ఎలాగో ఎక్కించామనే అనుకున్నా, కొలిస్తే ఒక షాట్‌కు చేతికొచ్చేవి 24 బిట్లే. ఎన్ని క్యూబిట్లను కొలిస్తే అన్ని బిట్ల కన్నా ఎక్కువ సమాచారం రాబట్టలేమని గణిత శాస్త్రవేత్త హోలెవో 1973లోనే గణితంతో తేల్చేశాడు. కోటి చుక్కల మ్యాపు మళ్లీ గీయాలంటే కోటికి ఎన్నో రెట్ల షాట్లు కావాలి. అంతకన్నా ఆ రీడింగుల ఫైలును ఓ మామూలు ల్యాప్‌టాప్‌లో తెరిస్తే క్షణాల్లో గీసిపెడుతుంది. బందరు రోడ్డంత వెడల్పున్న గోదాముకు సైకిల్ పట్టేంత గుమ్మం పెట్టినట్టుంటుంది వ్యవహారం.

ఈ గుమ్మం సమస్యను పట్టించుకోకుండా చేసిన వాగ్దానాలు కొన్ని తర్వాత పల్చబడ్డాయి. వందల కొలతలున్న డేటాను రెండు మూడు కొలతలకు కుదించి గీయడానికి అనలిస్టులు పీసీఏ అనే పద్ధతి ఎక్కువగా వాడతారు. దానికి క్వాంటం రూపం 2014లో వచ్చింది, వేగం అపారంగా పెరుగుతుందన్న ఆశతో. 2018లో ఎవిన్ టాంగ్ అనే 18 ఏళ్ల విద్యార్థిని, సినిమాలూ వస్తువులూ సిఫారసు చేసే లెక్కకు ఉందనుకున్న క్వాంటం వేగంలో చాలా భాగం మామూలు కంప్యూటర్‌తోనూ సాధ్యమేనని చూపించింది. డేటాను క్వాంటంకు అనువుగా అమర్చిపెట్టారని ఒప్పుకుంటే, మామూలు కంప్యూటర్‌కూ ఆ సౌకర్యం ఇవ్వాలి కదా అన్నది ఆమె వాదనలోని కీలకం. కొద్ది నెలలకే అదే దెబ్బ పీసీఏకూ తగిలింది.

అలాగని ఆశలన్నీ వదులుకోనక్కర్లేదు. డేటా చిన్నదై, లెక్క కష్టమై, జవాబు మళ్లీ చిన్నదైతే ఆ గుమ్మం ఇబ్బంది పెట్టదు. అణువుల ప్రవర్తన అలాంటి లెక్క. గ్రాఫిక్స్ విషయానికొస్తే, కాంతి కిరణాలను యాదృచ్ఛికంగా వదిలి నీడలు లెక్కేసే పద్ధతిలో తప్పును పదో వంతుకు తేవాలంటే వంద రెట్ల కిరణాలు కావాలి. ఇందాక షాట్ల దగ్గర చూసిన లెక్కే. క్వాంటం యాంప్లిట్యూడ్ ఎస్టిమేషన్ అనే పద్ధతి ఆ వందను పదికి దించగలదు. సిద్ధాంతంలో అది గట్టి లాభం. దాన్ని ఇంట్లో టీవీ మీద చూడాలంటే తప్పులు సరిదిద్దుకోగల పెద్ద యంత్రాలు రావాలి, ఇప్పుడున్నవి ఆ మెట్టు మీద లేవు.

అందాకా ఈ రంగంలో గ్రాఫులు తెలిసినవాళ్లకు దొరికే పని యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండడం. ఐబీఎం చిప్పుల మ్యాపు చూస్తే సంక్రాంతి చుక్కల ముగ్గు గుర్తొస్తుంది. చుక్కలు క్యూబిట్లు, గీతలు వాటి మధ్య లింకులు. ఒక్కో చుక్కకూ గీతకూ తప్పుల రేటును బట్టి రంగు ఉంటుంది. ముగ్గులా ఇది స్థిరంగా ఉండదు. చిప్పును మళ్లీ మళ్లీ క్యాలిబ్రేట్ చేస్తుంటారు, నిన్న బాగున్న చుక్క ఇవాళ మొరాయించొచ్చు. బెంజ్ సర్కిల్ ఎర్రగా కనిపిస్తే డ్రైవర్ ఇంకో దారి పట్టినట్టే, సర్క్యూట్‌ను ఏ చుక్కల మీద పరచాలో ఈ మ్యాపు చూసి తేలుస్తారు. సాఫ్ట్‌వేర్ చాలావరకు ఈ పని తనే చేసుకుంటుంది. అది ఎంచుకున్న దారి సరైనదో కాదో అనుమానం వస్తే మాత్రం మ్యాపు తెరవక తప్పదు.

పెద్ద వాదనలన్నీ కూడా చివరికి ఒక గ్రాఫు మీదే నిలబడతాయి, లేదా కూలతాయి. నిలబడినదానికి ఉదాహరణ 2024 డిసెంబరులో గూగుల్ విల్లో చిప్. తప్పులు సరిదిద్దే కోడ్ సైజును (గడిలో ఒక పక్కన ఉండే క్యూబిట్ల సంఖ్యను) 3 నుంచి 5కి, 5 నుంచి 7కి పెంచితే తప్పు రేటు ఒక్కో మెట్టుకు సగానికి పైగా తగ్గింది. క్యూబిట్లు పెరిగితే తప్పులూ పెరుగుతాయన్న పాత బెడదను ఆ కిందికి దిగే గీత ఒక్కటీ తోసిపుచ్చింది. దాని నిలువు అక్షం లాగ్ స్కేలు మీద ఉంటుంది. సమాన దూరం అంటే సమాన తేడా కాదు, సమాన రెట్లు. అది గమనించకుండా మామూలు గ్రాఫులా చదివితే, తగ్గుదల ఎంతన్నది పూర్తిగా తప్పుగా బుర్రకెక్కుతుంది.

కూలినదానికి ఉదాహరణ అంతకన్నా చెప్పుకోదగ్గది. 2018లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ బృందం మయోరానా కణాల జాడ కనిపించిందని నేచర్ పత్రికలో రాసింది. తప్పులకు తట్టుకోగల క్యూబిట్లకు అది పునాది అవుతుందని మైక్రోసాఫ్ట్ ఆశపెట్టుకున్న పరిశోధన అది. రుజువంతా ఓ గ్రాఫులోని సమతలమైన గీత. విద్యుత్ వాహకత ఓ నిర్ణీత విలువ దగ్గరికి వచ్చి అక్కడే చదునుగా ఆగిపోయింది. తర్వాత వేరే శాస్త్రవేత్తలు పూర్తి డేటా అడిగి తెప్పించుకుని మొత్తం పరిధికీ మళ్లీ గీశారు. వ్యాసంలో చూపించని భాగంలో ఆ చదును లేదు, చుక్కలు ఎర్రర్ బార్లు దాటి పైకి పోయాయి. 2021లో రచయితలు వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. కొలత పరికరం అబద్ధం చెప్పలేదు. గ్రాఫు అంచు ఎక్కడ కత్తిరించారన్న దాంట్లోనే తేడా వచ్చింది.

రేపు అమరావతి యంత్రం మీద నడిపిన ప్రయోగాల బొమ్మలు పేపర్లోనో, కాలేజీ సెమినార్ తెర మీదో కనిపించినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు కూడా ఈ స్థాయివే. ఎన్ని షాట్లు? ఎర్రర్ బార్లు ఉన్నాయా? పట్టీలన్నీ చూపారా, పొడుగువి ఓ పది మాత్రమే చూపి మిగతావి కత్తిరించారా? అసలు యంత్రం మీద వచ్చిందా, సిమ్యులేటర్ (క్వాంటం యంత్రాన్ని అనుకరించే మామూలు కంప్యూటర్ ప్రోగ్రామ్) మీదా? చివరి ప్రశ్న పిచ్చిదిగా అనిపించొచ్చు కానీ విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టుల్లో ముందు అడగాల్సింది అదే. గుర్తుపట్టడం పెద్ద కష్టమేమీ కాదు. ఐదు క్యూబిట్లను ముడివేసిన సర్క్యూట్ గ్రాఫులో రెండే పట్టీలుండి, పొట్టివి ఒక్కటీ లేకపోతే అది యంత్రం మీద నడిచింది కాదు. తాలు లేని టిక్కీని యార్డులో కూడా ఎవరూ నమ్మరు.